మొక్కు కాని గుండు

పేపరాయన మళ్ళీ ఫోన్ చేసినాడు.
"ఆ హాస్టల్ సంగతి నిజమేనా సార్?
మీరూ ఆ రూములోనే ఉండేవారంట కదా."
రాంగ్ నంబరని పెట్టేసినా.
రేణిగుంట గూడ్స్ షెడ్డులో ముప్పై ఏళ్ళు
మూటలు లెక్కపెట్టి రిటైరైనోణ్ణి,
రాత్రంతా ఒక్క తలనే లెక్కపెట్టుకుంటా కూచున్నా.

నిజమే.
కొళాయిల్లో నీళ్ళు రాని ఒక మార్చి రాత్రి
పిచ్చాటూరు నుంచి వచ్చిన ఏకాంబరానికి
వజ్రవేలు గుండు గీసినాడు.
వాడు చేసిన తప్పల్లా
మెస్సులో మాకంటే ముందు పళ్ళెం పట్టుకోవడం.
సగం విరిగిన బ్లేడు, బట్టల సబ్బు నురగ.
వాడు తల తిప్పినప్పుడల్లా ఒక గాటు.
కాళ్ళు పట్టుకునింది నేను.
ఈ మాట మాత్రం ఏ పేపరాయనా అడగలేదు.

ఇంకో ఊరైతే
పొద్దున్నే ఎవరో ఒకరు ఆపి అడిగుందురు,
"ఏంరా అబ్బోడా, ఎవరు చేసినారిట్ల" అని.
తిరపతిలో గుండుకు జవాబు చెప్పే పనే లేదు.
గాంధీరోడ్డులో పూలమ్మే ఆమె
వాణ్ణి చూసి చేతులు జోడించింది.
బస్టాండు కాడ టీ ఇచ్చినాయన
"దర్శనం బాగా అయ్యిందా నాయనా" అన్నాడు.
అయ్యిందన్నాడంట ఏకాంబరం.
గాట్ల మీద చందనం పూసుకుని ఊరికి పోతే
"నాకు చెప్పకుండానే మొక్కు తీర్చినావా"
అని వాళ్ళమ్మ మురిసిపోయిందంట.

మూడు నెలల్లో వెంట్రుకలు మొలిచినాయి.
ఆ రాత్రి మేం ఏడుగురం నవ్విన నవ్వు
యాడికి పోయిందో తెలీదు.

వజ్రవేలు మారినాడని చెప్పను,
మారలేదనీ చెప్పను.
వాన ముంచేసిన రాత్రి ఆటోనగర్ పక్క
రొమ్ములోతు నీళ్ళల్లో
ఒక ముసలామెను వీపున మోసుకొచ్చినాడు.
ఫోటోలోళ్ళు అప్పటికింకా రాలేదు. నేను చూసినా.
చెత్తబండ్లోళ్ళకు
ఆగిపోయిన ఆర్నెల్ల జీతం ఇప్పించినాడు.
అదే మనిషి, పోయిన నెల,
బండి తీయనని మొండికేసిన జామకాయల పిల్లోడితో
నడిరోడ్డు మీద గుంజీళ్ళు తీయించినాడు.
పక్కన నిలబడి నవ్వుతా లెక్కపెట్టినాడు,
ఒకటీ, రెండూ, మూడూ...
ఆ గొంతు నాకెరికే.

"ఏకాంబరం గుర్తుండాడా" అని అడిగినా.
"ఏ ఏకాంబరం మావా? ఓ, ఆ గుండోడా!
కుర్రతనం కదా.
గంగజాతర వేషమనుకో,
మొహం కడుక్కుంటే పోయె."
కడుక్కున్నాం, సరే.
జాతరలో బూతుకు కూడా అమ్మవారి సెలవుంటుంది.
ఆ రాత్రి మనకు సెలవిచ్చింది ఎవరు?
అడగాలనుకున్నా.
అవతల మైకు టెస్టింగ్ మొదలైంది.

చిత్తూరు కోర్టు కాడ
స్టాంపు పేపర్లమ్ముకుంటాండాడు ఏకాంబరం.
ఇప్పుడు వాడిది బట్టతల.
నన్ను గుర్తుపట్టి బెంచీ తుడిచినాడు.
ఏమనాలో తెలీక
"అప్పుడు వాడికి ఇరవై ఏళ్ళే కదా" అన్నా.
"నాకు పదిహేడు," అన్నాడు
చిల్లర ఎంచుతా.
"వాడి వయసు అందరూ లెక్క కడతాండారు.
నాది ఎవురూ అడగలా."
కొంచేపుండి,
"మాయమ్మ పొయ్యేదాకా అది మొక్కనే నమ్మింది.
నా పేరు మాత్రం ఎత్తొద్దన్నా" అన్నాడు.
అన్నా అన్నాడు నన్ను.

బస్సులో వస్తాంటే పూతలపట్టు కాడ
కొండ నుంచి దిగొచ్చే కారొకటి పక్కన ఆగింది.
లోపల నాలుగు గుండ్లు, తడి చందనం,
ఒకటి మరీ చిన్నది, నిద్రపోతా ఉంది.
ఏది ఇచ్చింది, ఏది లాక్కున్నది
అద్దంలోంచి చూస్తే ఎట్ల తెలుస్తుంది?

ఈ తూరి ఫోనొస్తే ఎత్తుతా.
వజ్రవేలు ఎట్లాంటోడని అడిగితే
నాకు తెలీదనే చెప్తా.
ఈ రెండు చేతుల కింద
ఒక పిల్లోడి మడమలు ఎట్ల కొట్టుకున్నాయో,
ఎంతసేపటికి కొట్టుకోవడం మానేసినాయో
అది తెలుసు, అది చెప్తా.
పిల్లోడి పేరు అడగొద్దంటా.
కాళ్ళు పట్టుకున్నోడి పేరు
స్పెల్లింగుతో సహా రాసుకోమంటా.